నూట ఆరు డెసిబెల్స్

సదస్సు నాలుగింటికే ముగిసింది.
వినికిడి గురించి మూడు రోజులు మాట్లాడుకున్నాం,
ఎవరూ ఎవరి మాటా పూర్తిగా వినకుండా.
గ్లాస్గోలో వాన.
కురవడం కాదది, ఊరంతా గాల్లో నానుతూ ఉండటం.
మెడలో పేరుచీటీ తీయడం మరిచిపోయి నడుస్తుంటే
లాండ్రీ కొట్టు పక్కన చేతిరాత అట్ట:
ఈ రాత్రి, 'మిసెస్ కెర్ నిచ్చెన'. ఆరు పౌండ్లు.
ఆ నిచ్చెన ఏమిటో చూద్దామని
మెట్లు దిగాను.

నేలమాళిగ. లెక్కపెట్టాను, ముప్పై ఎనిమిది మంది,
గిటార్లు మోసుకొచ్చినవాళ్లతో కలిపి.
పాడే పిల్ల స్వెటర్ మోచేతి దగ్గర చిరిగింది.
డ్రమ్ములవాడు బేకరీ ఏప్రన్ కూడా విప్పలేదు,
కర్ర ఎత్తినప్పుడల్లా పిండి రాలుతోంది.

నా అలవాటు నాది, ఫోను తీసి కొలిచాను.
నూట ఆరు.
రోజుకి పదిమందికి చెప్పే మాట నాకే చెప్పుకుని
నారింజరంగు నురుగు బిరడాలు చెవుల్లో కుక్కుకున్నాను.
పాట ఇక నీళ్లడుగున ఎవరో బిందె తోముతున్నట్టు.

ఆ యాసలో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.
"బస్సు" అన్న మాట తెలిసింది.
మిగతాదంతా గొంతు.

స్టేజీ అంచున ఒక ముసలాయన
కుడి అరచెయ్యి చెక్కకి ఆనించి, కళ్లు మూసుకుని.
చూడగానే తెలిసింది. నా వృత్తి అది.
నా సదస్సు పుస్తకంలోనే రాసి చూపించాడు:
పందొమ్మిదేళ్లు క్లైడ్ ఒడ్డున ఓడలకు రివెట్లు కొట్టాను.
ఆ డ్రమ్ములు నా మనవడివి.
పేరు కూడా రాశాడు, ఆర్చీ, కింద గీత గీసి.

విశాఖ షిప్‌యార్డు నుంచి వచ్చే
బాయిలర్ల అప్పలకొండ గుర్తొచ్చాడు.
పరీక్ష గదిలో హెడ్‌ఫోన్లు తీసి నా చేతికిచ్చి
"బల్ల మీద కొట్టండమ్మా, బల్లయితే ఇనబడతాది" అనేవాడు.
చెవిటివాడి ముందు శంఖం అని సామెత కట్టినవాడు
ఒక్కసారైనా
ఆ శంఖాన్ని అతని చేత పట్టించి ఊదాడా?

ఐదో పాట మధ్యలో కరెంటు పోయింది.
మా ఊళ్లో అయితే ఎవరూ తల కూడా తిప్పరు.
ఇక్కడ అందరూ ఒక్కసారిగా ఊపిరి బిగబట్టారు.
బారు వెనక ఫ్రిజ్ మూలుగు ఆగిపోయింది,
అంతవరకూ అది మూలుగుతోందనే తెలియదు.
ఆ పిల్ల మైకు వదిలేసి కిందకి దిగింది,
కుళాయి దగ్గరికి వచ్చినంత మామూలుగా,
తెగినచోటే పాట అందుకుంది.
మనవడు కర్రలు పక్కన పెట్టి
తాత వీపు మీద వేళ్లతో తాళం వేశాడు.

బిరడాలు ఎప్పుడు తీసేశానో.
కొలవలేదు. నలభై ఉండొచ్చు, అంతకన్నా తక్కువేమో.
ఎవరో దగ్గారు. పైన రోడ్డు మీద తడి టైర్లు.
"బస్సు" మళ్లీ వచ్చింది పాటలో,
ఎవరో దాన్ని అందుకోలేకపోయారని ఈసారి తెలిసింది.
ఎలా తెలిసిందని అడక్కండి.

కరెంటు వచ్చింది. మిగిలిన మూడు పాటలూ
చెవులప్పగించి విన్నాను, అక్షరాలా.

చివర్న తలుపు దగ్గర ఆమే బల్ల వేసుకుని
చొక్కాలు అమ్ముతోంది. నా కొలతది అయిపోయింది,
ఏనుగుకి సరిపోయేదొకటి కొన్నాను.
నా మెడలో చీటీ చదివి పేరు పలికింది, హైమవతి,
నాలుగక్షరాల్లో రెండు సరిగ్గా.
ఆమె పాటలో నాకు అందినదానికన్నా
అది చాలా మెరుగు.

హోటల్లో దీపం ఆర్పాక
రెండు చెవుల్లోనూ సన్నగా గుయ్యిమని హోరు.
దీని గురించి నా క్లినిక్‌లో అచ్చేసిన కరపత్రమే ఉంది:
పెద్ద శబ్దాలకు దూరంగా ఉండండి,
తెల్లారేసరికి తగ్గకపోతే వచ్చి కలవండి.

మంచం చెక్కకి అరచెయ్యి ఆనించి పడుకున్నాను.
తగ్గిపోతోందేమోనని
రెండు మూడుసార్లు లేచి విన్నాను.