మెట్ల మీద కుర్చీలు

మా బిల్డింగ్ లిఫ్ట్‌కి చిల్లర తినే అలవాటు.
పది తెత్రీల బిళ్ళ వేస్తేనే కదులుతుంది,
వెయ్యకపోతే తలుపులు బార్లా తెరుచుకుని
అప్పులవాడిలా నిలబడుతుంది.

జనవరిలో ఒక రాత్రి, మూడుకీ నాలుగుకీ మధ్య,
ఒక్క మూలుగు మూలిగి ఆగిపోయింది.
తిబిలీసీ చివర, గాలి నేరుగా కొండ దిగొచ్చి కొట్టే చోట
తొమ్మిది అంతస్తులు, ముప్పయ్యారు గడపలు.
మర్నాడు సేదా వచ్చింది, నోట్‌బుక్కూ పెన్సిలూ పట్టుకుని.
కొత్త మోటారట. ఇంటికింత అని వాటా అట.
"నాది రెండో అంతస్తు," అన్నాను.
"నా కాళ్ళే నా లిఫ్టు."
ఆమె ఏమీ అనలేదు. నా పేరుకి ఎదురుగా
సున్నా చుట్టింది.
ఆ సున్నా చాలా గుండ్రంగా ఉండటం నాకింకా గుర్తు.

తొమ్మిదో అంతస్తు నజిబ్రోలా
మంగళవారం రొట్టెకి దిగుతుంది, శుక్రవారం మందులకి.
దిగడం పర్వాలేదు.
ఎక్కేటప్పుడు ముందు మోకాళ్ళు మాట్లాడతాయి, తర్వాత ఊపిరి.
సరిగ్గా నా తలుపు బయట ఆగేది.
రేడియో తగ్గించి వినేవాణ్ణి:
కొలిమితిత్తి చినిగినట్టు ఆ ఊపిరి,
సంచీ నేల మీద పెట్టిన చప్పుడు,
గోడని తడుముతున్న చెయ్యి.
తలుపు తియ్యలేదు.
తీస్తే ఏదో ఒకటి అనాలి కదా.

మూడో వారం, గురువారం రాత్రి, దొంగలా,
వంటింటి స్టూలు తీసుకెళ్ళి మెట్ల మలుపులో పెట్టి వచ్చాను.
మా ఆవిడ ఉన్నప్పటి స్టూలు. దాని మీదెక్కి
పై అరలోంచి ఊరగాయ సీసాలు దించేది.
ఒక కాలు పొట్టి; దాని కింద
మడిచిన పేపరు ముక్క కూడా పెట్టాను.
పడుకుని,
నా అంత దయగలవాడు ఈ బిల్డింగ్‌లో లేడనుకున్నాను.
సిగ్గు లేకుండా అనుకున్నాను, దాచడమెందుకు.

శుక్రవారం సాయంత్రం ఆమె కూర్చుంది, లేచింది, వెళ్ళింది.
మందుల సంచీ మర్చిపోయింది.

ఎక్కాను. పదకొండేళ్ళలో
రెండో అంతస్తు దాటడం అదే మొదలు.

మూడులో నీలం కుర్చీ, రంగు పెచ్చులూడి.
నాలుగులో బడి కుర్చీ, వీపు మీద బ్లేడుతో చెక్కిన 'వాజికో'.
అయిదులో ఓతియా తన పాత జిగులీ కారు ముందు సీటు
పీకి తెచ్చి పెట్టాడు, బెల్టుతో సహా.
ఆరులో సేదా పియానో స్టూలు, తిప్పితే ఎత్తు పెరిగేది.
ఏడులో, ఆ ఇంట్లో ఇద్దరికీ కలిపి ఒకటే కుర్చీ అని తర్వాత తెలిసింది,
బోర్లించిన రొట్టెల పెట్టె, మీద నాలుగు మడతల దుప్పటి.
ఎనిమిదిలో కుర్చీ పక్కన మంచినీళ్ళు కూడా.

ఏడో అంతస్తు దుప్పటి మీద చెయ్యి పెట్టి చూశాను.
మధ్యలో గుంట.
మూడు వారాల గుంట.

అంటే, అన్ని మెట్ల మీదా
ఆమె నిలబడి రొప్పింది నా గుమ్మం ముందు మాత్రమే.

నజిబ్రోలా తలుపు తీసి సంచీ అందుకుంది.
"ఆ స్టూలు నీదా? ఊగుతోంది."
నాదేనన్నాను.
"రేపు పట్రా, కాలు సరిచేస్తాను. మా ఆయన వడ్రంగి.
పనిముట్లన్నీ ఇక్కడే ఉన్నాయి, పనే లేదు వాటికి."
పచ్చి అక్రోటు మురబ్బా, నల్లగా, చెంచాతో నోటికందించింది
చంటిపిల్లాడికి పెట్టినట్టు.

దిగుతూ దిగుతూ ప్రతి కుర్చీలోనూ కూర్చున్నాను.
నొప్పేం లేదు. ఊరికే.
జిగులీ సీటులో బెల్టు కూడా పెట్టుకున్నాను.
ఓతియా తలుపు తీసి చూసి, నవ్వకుండా,
"ఎక్కడికి పోనివ్వమంటావ్?" అన్నాడు.
"ఒక అంతస్తు పైకి.
సేదా పుస్తకంలో ఒక సున్నా చెరపాలి."

మోటారు మార్చిలో వచ్చింది.
కుర్చీలు ఎవరూ లోపలికి తీసుకోలేదు.
నా స్టూలు ఇప్పుడు ఊగదు;
దాని మీద కూర్చున్నప్పుడల్లా
అలవాటు కొద్దీ నేనే ఊగుతుంటాను.