కోరం

ఆగస్టు పదిహేను గ్రామసభకు
వట్టికుంటల నూట పన్నెండు మంది వచ్చిన్రట.
దరఖాస్తు మీద పది రూపాయల స్టాంపు,
జిరాక్సు పేజీకి రెండు రూపాయలు, పదకొండు పేజీలు,
ముప్పై నాలుగు రోజుల ఎదురుచూపు.
అంత పెట్టి కొనుక్కున్న అబద్ధాన్ని
సంచిల వేసుకొని
పొద్దుగాల మర్రిగూడ బస్సెక్కిన.

సంస్థ అంటే పెద్దగేం లేదు.
నల్లగొండ రామగిరిల మెట్ల కింద ఒక గది,
రెండు కుర్చీలు, పంచింగు మిషను,
జీతం ఇచ్చే నెల, ఇయ్యని నెల.
"ఏ పార్టీ బిడ్డా మీది?" అని అడుగుతరు ఊర్లె.
ఏ పార్టీ కాదంటే నమ్మరు.
నేనైతే నమ్ముదునా?

పంచాయతి అరుగు మీద నిలబడి
పేర్లు ఒక్కొక్కటే చదివిన.
"ఐతరాజు మైసయ్య."
ఎవరో కిసుక్కున నవ్విన్రు.
"ఆయన పోయి రెండేండ్లాయె. సభకైతే యాది మరవలే."
"బొల్లు ఈదమ్మ."
"భీమండిల మగ్గం కాడున్నది.
ఏలిముద్ర మనిషి, సంతకమెప్పుడు నేర్చెనో!"
మూడో పేజీకొచ్చేసరికి నవ్వుడు బందైంది.
తమ పేరేడ వినొస్తదోనని
జనం ఒక అడుగు ముందుకు జరిగిన్రు.

నాలుగో పేజీల తీర్మానం:
"నీళ్ల శుద్ధి యంత్రం మంచిగ నడుస్తున్నది. ఏకగ్రీవం."
ఆ గదికి కిటికీ రెక్క లేదు.
లోపల యంత్రం మీద
గౌండ్ల సోమక్క కోడి పొదుగుతున్నది.

ఎండకు గొంతు పిడచగట్టింది.
అండాలమ్మ చెంబుతోని నీళ్లు అందిచ్చింది.
అందిచ్చింది అంటే,
ఆమె మోచెయ్యి బిగుసుకుపోయి ముప్పై ఏండ్లు,
చెంబు కాడికి నేనే వంగిన.
నా సంచిల టౌన్ల నింపుకొచ్చిన సీసా ఉన్నది.
ఒక్క గుక్క తాగిన, ఒక్కటే.
సీసాను కాగితాల కిందికి ఇంకింత తోసిన.
గీ ముచ్చట ఇయ్యాల్టిదాక ఎవరికీ చెప్పలే.

కుర్చీల సర్పంచి పెనిమిటి కూసున్నడు.
సర్పంచి తలుపు సందున నిలబడ్డది.
సెక్రటరీ కొత్త పిల్లగాడు,
పెన్ను మూత నములుకుంట అన్నడు:
"పాత తీర్మానం రద్దనేటోళ్లు చేతులెత్తండి."

లేచినయి కొన్ని.
కొన్ని భుజం దాక వచ్చి అక్కడ్నే ఆగినయి.
కొన్ని ఒడిలనే వణికినయి.
"పంతొమ్మిది," అన్నడు పెనిమిటి,
"చాలయి. లేవుండ్రి ఇగ."

"ఏడికి లేసుడు?" అన్నది అండాలమ్మ.
"నా చెయ్యి లెవ్వది సారూ,
మీ బోరు నీళ్లే పట్టుకున్నయి దాన్ని.
నోరు లేస్తది. రాస్కో.
బుడిగపాక అండాలు."

తన పేరును తానే హాజరు పిలుచుకున్నట్టు అన్నది.
ఎనక నుంచి ఇంకో గొంతు.
కట్టె ఊతకున్న ముసలాయన.
గోడకానుకున్న ఇద్దరు అక్కాచెల్లెండ్లు, ఒక్కసారే.
తన పేరు సభల చెప్పుడు ఎరుగని ఒక కోడలు
మామ పేరు చెప్పి, నాలిక్కరుసుకొని,
మళ్ల తన పేరు చెప్పింది.

"నోటితోని అని రాయొచ్చా మేడం?
ఫార్మాట్ల గడి లేదు," అన్నడు పిల్లగాడు.
నాకూ తెల్వదు.
చట్టం పుస్తకం తిరగేసిన, తొందరల ఏమీ దొరకలే.

"రాయి."

తలుపు సందు నుంచి వచ్చిందా మాట.
పెనిమిటి మెడ తిప్పి చూసిండు.
ఆమె ఇంకేమనలే. లోపలికీ పోలే.

యంత్రం ఇంకా రాలే.
జిల్లా ఆఫీసు నుంచి కాగితమైతే వచ్చింది,
మా కాగితాన్ని ఇంకో ఆఫీసుకు పంపినమని.
కోడి పిల్లలు పెద్దగై ఊరంత తిరుగుతున్నయి.
మొన్న మళ్ల జిరాక్సు తీసిన,
ఈసారి ఒక్కటే పేజీ, రెండే రూపాయలు.
చేతులు: 19.
దాని పక్కన, గీత దాటి, ఇరుకుల,
వంకర టింకర నీలి సిరతోని:
నోర్లు: 64.