ఓటీపీ బతికున్నంతసేపు

పేజీ తెరుచుకునేలోపే
ఓటీపీ చచ్చిపోయేది.

వారాసిగూడలో, మెట్ల కింద గదిలో
తొమ్మిదేళ్ల నా కంప్యూటర్.
ఆన్ చేసి, బియ్యం కడిగి, ఎసరు పెట్టి వస్తే
అప్పటికి కళ్లు తెరిచేది.
బ్రౌజర్ మీద నొక్కితే
ఇంకో ఉల్లిగడ్డ కోసుకునేంత తీరిక.

ఫారాలు నింపుతాను నేను. ముప్పై రూపాయలు, జిరాక్స్ వేరే.
కులం, ఆదాయం, పేరులో దీర్ఘం తప్పిన రేషన్ కార్డు.
బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు
తెర మీద తిరిగే చక్రాన్ని
డాక్టరు మొహం చూసినట్టు చూసేవారు.

బుచ్చమ్మవ్వ పెన్షన్ కోసం
మెట్టుగూడ నుంచి మూడుసార్లు వచ్చింది.
మూడుసార్లూ మనవడికి ఫోన్ చేసి
ఆరంకెలు చెప్పించుకుంది.
మూడుసార్లూ తెర అంది:
మీ సమయం ముగిసింది.
"ఎవలికి బిడ్డా, నాకేనా?"
నేను నవ్వాను. ఆమె నవ్వలేదు.

ఆ సాయంత్రమే ఇలియాస్‌ని పిలిచాను.
సీటీసీలో కొట్టు మూసి, ప్యారడైజ్ ట్రాఫిక్ ఈది,
చొక్కా జేబులో బస్ టికెట్‌లా
ఎనిమిది జీబీ ర్యామ్ పెట్టుకొచ్చాడు.
డబ్బా మూత విప్పాడు.
లోపల మా గల్లీ అంతా ఉంది:
మెట్రో పిల్లర్లు లేచిన నాటి సిమెంటు దుమ్ము,
పక్కింటి సాంబ్రాణి మసి,
ఒక బొద్దింక కాలు,
బోనాల నాడు ఎగిరొచ్చిన పసుపు కూడానేమో.
ఫ్యాను రెక్కలకు దుప్పటి కప్పినట్టుంది.
"ఇది సచ్చిపోలే అక్కా. ఊపిరాడ్తలేదంతే."

పాత ర్యామ్ పీకి
మా పాప పెన్సిల్ డబ్బాలోంచి రబ్బరు అడిగాడు.
బంగారు పళ్లను మెల్లగా రుద్దాడు.
పళ్లు మెరిశాయి, రబ్బరు నల్లబడింది,
పాప అలిగింది.

తర్వాత బ్రౌజర్ తెరిచి, నోరూ తెరిచాడు.
యాభై మూడు ట్యాబులు,
పేర్లు కూడా కనపడనంత సన్నగా
ఒకదాన్నొకటి ఒత్తుకుని, ఆఫీసు వేళ బస్సులా.
"బంద్ చెయ్యాల్నా?"
ఫిబ్రవరి కరెంటు బిల్లు. చెయ్యి.
రాయని పరీక్ష హాల్ టికెట్. చెయ్యి.
మోకాళ్ల నొప్పికి ఏదో నూనె, ఆర్డర్ పెట్టనిది. చెయ్యి.
తార్నాకలో రెండు గదులు, బాల్కనీ, తూర్పు ముఖం, అద్దెకు...
ఆగు.

నాలుగేళ్ల కింద తెరిచింది.
ఆ బాల్కనీలో ఇప్పుడు ఎవరి బట్టలో ఆరుతుంటాయి.
అయినా ప్రతి పొద్దునా
ఈ ముసలి యంత్రం
దాన్ని మళ్లీ మోసుకొచ్చి నా ముందు నిలబెట్టేది.
ఆ ఆయాసం అందుకేనా?

"నూట ఎనభై ఎంబీ తింటుంది అక్కా."
"తిననీ."
తల గోక్కున్నాడు.
పైన చుక్క మీద నొక్కి దాన్ని లోపల దాచాడు.
"యాద్ పెట్టుకో. తెరిచి పెట్టుకోకు."
చాయ్ తాగి, తొమ్మిది వందలు తీసుకుని పోయాడు.

పొద్దున బుచ్చమ్మవ్వ, నాలుగోసారి.
నొక్కానో లేదో పేజీ వచ్చి నిలబడింది,
చెప్పకుండా దిగిన చుట్టంలా. నాకే కంగారు.
ఓటీపీ బతికే ఉంది.
ఫోన్లో మనవడు రెండు, ఏడు, మళ్లీ ఏడు అంటుంటే
తెర మా కోసం ఆగింది, మొదటిసారి.

ఆఖరున వేలిముద్ర.
అద్దం మీద బొటనవేలు పెట్టింది.
ఎర్ర లైటు.
నలభై ఏళ్లు నాలుగిళ్ల గిన్నెలు తోమిన వేలు,
గీతలు కూడా తోముకుపోయిన వేలు.
రెప్పపాటులో చెప్పేసింది యంత్రం:
సరిపోలలేదు.

ఇంత తొందరగా కాదనిపించుకోవడం
మా ఇద్దరికీ అలవాటు లేదు.

గోరువెచ్చని నీళ్లు తెచ్చాను.
వేలు ముంచి, కొంగుతో తుడిచి,
దాని మీద అవ్వ మెల్లగా ఊదింది,
పొయ్యి రాజేసినట్టు.

తొందరేం లేదు అవ్వా.
ఇంకోసారి పెట్టు.