బూట్లకు పొయ్యి

మూడొద్దుల సంది ముసురు.
దేవరకొండ మోరీలన్నీ
నా గంబూట్లలనే పారుతున్నయి.

పాత కూలరు మోటరు, పెయింటు డబ్బ,
అరవై క్యాండిల్ బలుబు.
రెండు పైపు ముక్కల్ని కొమ్ముల్లెక్క నిలవెట్టి
ఒక్కోదానికి ఒక్కో బూటు బోర్లిచ్చిన.
ఎడమది ఒరుగుతుంటే
సుతిలితోని కట్టిన.

స్విచ్చేస్తే గుర్రుమన్నది.
ఇల్లంత మోరి వాసన.
సైదమ్మ ఏమనలే,
పిండిన రయికె తెచ్చి
ఆ గాలికే అడ్డం వట్టింది.

నడిజామున లేచి లోపల చెయ్యి వెట్టిన:
కోడి అప్పుడే లేచిపోయిన గంప లెక్క
వెచ్చగున్నది.

నాలుగింటికి కాలు దూర్చిన.
పద్దెనిమిదేండ్ల కొలువుల మొదటిసారి
తడి తగల్లే.
జర భయమైంది, నా కాలేనా అని.

బయట జవాను ఈల ఏసిండు.
రెండో ఈలకు లేద్దామని
కూసున్న.