మూడు జాకెట్లు ఎక్కువ

గుణుపురం మున్సిపాలిటీ వాళ్ళు
రైలుగేటు అవతల నలభై ఎనిమిది గదులు కట్టారు.
అద్దె నెలకి ఆరువందలు.
కుళాయి ఉంటుందట. గోడకి మేకు కొట్టుకోవచ్చట.
ఆ రెండో మాట విన్నాకే
మిషను ముందునుంచి లేచాను.

పాత్రోగారింట్లో తొమ్మిదేళ్ళు.
మేకు కొడితే సున్నం రాలుతుందని
కుట్టిన బట్టలన్నీ తాడు మీదే,
కిటికీ చువ్వ నుంచి తలుపు గొళ్ళెం దాకా.
ఎవరైనా తలుపు తీస్తే
ఊళ్ళో ఆడవాళ్ళ జాకెట్లన్నీ
ఒక్కసారి వంగి దండం పెడతాయి.

ఫారమంతా ఒడియాలో.
బెంచీ మీద పక్కనున్న కాలేజీ పిల్ల రాసిపెట్టింది.
మజ్జి వరహాలమ్మ, అన్నాను.
"మాకు వ అన్నా బ అన్నా ఒకటే మావుసీ" అంది.
సరే, బరహాలమ్మనే.
మన అక్షరాలకి తలకట్టు,
వాళ్ళ అక్షరాలకి గొడుగు.
వంగి చూస్తే పేరు మొత్తం
తడవకుండా నిలబడి ఉంది.
నాకింకా ఇల్లు రాలేదు గానీ
నా పేరుకి కప్పు పడింది.

ఇంట్లో ఎంతమంది?
ఇద్దరం.
రెండోవారు ఎవరు, మొగుడా, కొడుకా, అత్తా?
పైడితల్లి. నా తోటికోడలు.
మా ఆయన పోయాడు.
వాళ్ళాయన ఉన్నాడు, ఎక్కడో.
అన్నదమ్ములిద్దరూ లేని ఇంట్లో
వాళ్ళవల్ల చుట్టాలమైన మేమిద్దరం మిగిలాం.
పిల్ల కలం ఆగింది. గడిలో పట్టదేమో అనుకున్నాను.
'జా' అని రాసింది.
మనకి ఐదక్షరాల చుట్టరికం, వాళ్ళకి ఒక్కటే.
పదహారేళ్ళ పొయ్యి, పోట్లాటలు,
ఒకే దుప్పటి కింద కాగిన జ్వరాలు
అన్నీ ఆ ఒక్కదాంట్లో సర్దుకున్నాయి.

ఇక ఆదాయం.
ఏడాదికి లక్షా ఇరవైవేలు దాటకూడదు.
నూనె మరకల లెక్కపుస్తకం ఇచ్చాను.
సాబత్ బాబు రెండుసార్లు కూడాడు.
రజొ పండగ నెల దగ్గర వేలు తడి చేసుకున్నాడు.
లక్షా ఇరవైవేల మూడువందల అరవై.
కళ్ళజోడు తీసి,
"ఎక్కువైంది" అన్నాడు.

ఎక్కువైంది.
నా సంపాదన గురించి ఆ మాట
యాభై ఒకటో ఏట మొదటిసారి విన్నాను.
నవ్వొచ్చింది. కొంచెం గర్వం కూడా,
అబద్ధమెందుకు.
ఆ తర్వాత కడుపులో సూది విరిగినట్టయింది.
మూడువందల అరవై అంటే మూడు జాకెట్లు.
ఏ మూడు?
ఏ రాత్రి కాస్త కునుకు తీసుంటే సరిపోయేది?

పైడితల్లికి చదువు రాదు.
ఎర్రచుక్కలు మాత్రం తనే పెడుతుంది.
ఒక్కో చుక్క మీదా వేలుపెట్టి చెప్పింది:
"ఇది కిళ్ళీకొట్టామె, రేపిస్తానన్నాది.
ఇది మేష్టారి కోడలు, చంక బిగుతని ఎగ్గొట్టింది.
ఇది మన పాత్రోగారామె, నీళ్ళ కింద చెల్లన్నాది.
కుట్టడమైతే కుట్టినాం బాబూ.
రాని డబ్బు ఆదాయమేటి?"

సాబత్ బాబు ఫ్యాను వైపు చూశాడు కాసేపు.
మా వైపు చూశాడు.
ఒకటి కొట్టేశాడు. రెండు. మూడు.
నన్ను ముంచిన ముగ్గురూ
చెయ్యిపట్టి గీత ఇవతలికి లాగారు.

రసీదు నంబరు నూట ముప్ఫై ఏడు.
గదులు నలభై ఎనిమిదే.
వినాయకచవితి వెళ్ళాక చీటీలు తీస్తారట.

దారిలో ఇనపసామాన్ల కొట్టు దగ్గర ఆగి
రెండంగుళాల మేకులు పదిరూపాయలకి కొంది పైడితల్లి.
ఇప్పటినుంచే ఎందుకే, తుప్పు పడతాయి, అన్నాను.
మిషనునూనె డబ్బాలో వేస్తానంది.

కిళ్ళీకొట్టు దాటుతుంటే వెనకనుంచి కేక:
"వరహాలమ్మా, ఇదిగో నీ నూట ఇరవై!"
నోట్లు పట్టుకుని రోడ్డు మీదికే వచ్చేసింది, పాపం.
ఇద్దరం ఒకేసారి రెండడుగులు వెనక్కి వేశాం.

"ఉంచమ్మా, ఉంచు.
చవితి వెళ్ళనీ."