బల్లల లెక్క

సినడు ఆఫీసు నుంచి కాగితం వచ్చింది,
సంఘం ఆస్తి వివరాలు నెలాఖరుకి పంపవలెనని.
గంట ఒకటి. రాసినాను.
హార్మోనియం ఒకటి, రెండు మెట్లు పలకవు. అదీ రాసినాను.
ప్రభువు భోజనపు గిన్నె ఒకటి,
సొట్ట ఉండే వైపు గోడకి తిప్పి పెడతాము,
సొట్ట సంగతి రాయలేదు.
బల్లల కాడికొచ్చి కలం ఆగింది.

మా నాయన చేతిరాతలో పద్నాలుగు అని ఉండాది:
వేపచెక్క, పద్నాలుగు, ఆచారి కూలి బాకీ.
ఆ బాకీ ఎప్పుడు తీరిందో పుస్తకంలో లేదు.

తుపాను ఏడు నారాయణవనం గుడి రేకులు లేచి
మగ్గాల షెడ్డు మీద పడినాయి.
ఆ ఆదివారం గోతాలు తలమీద కప్పుకొని
పుత్తూరుకి, మా గుడికి వచ్చినారు, డెబ్బై మంది.
మేము నలభై.
ముందు వరస ఎవురిదని
రెండు సంఘాల పెద్దలూ మొగాలు చూసుకుంటా నిలబడితే
ఎస్తేరమ్మ కొంగుతో బల్ల దులిపి
తడిసిన పిల్లోళ్ళని కూర్చోబెట్టింది.

వాన తెరిపిచ్చినాక, వాళ్ళ రేకులకి
మా ఆడోళ్ళు ఆరు నెలల పిడికెడు బియ్యం అమ్మినారు.
రేకులతో బాటు నాలుగు బల్లలు పోయినాయి
ట్రాక్టరులో, తోతాపురి బుట్టల నడుమ.
అరువు అని రాసి తారీకు వేసినాను.
తిరిగొచ్చినవి ఐదు.
ఐదోదాని అడుగున నీలం రంగు,
మేకుతో గీకిన పేరు: తీతు.
మా సంఘంలో తీతు లేడు.
వాళ్ళని అడిగితే, మాకూ లేడప్పా అన్నారు.

అయ్యగారు ఒకరు, సంఘాలు నాలుగు.
మాకు ఏడు గంటల ఆరాధన, నారాయణవనానికి పది,
వడమాలపేటకి మిట్టమధ్యాన్నం, చెమటతో.
మోపెడు పంచరైతే
మా ఒబద్యా పాత ప్రసంగమే తీసి చదువుతాడు,
మేమూ కొత్తదాన్ని విన్నట్టే వింటాము.

పెర్సిసమ్మ పోయిన రోజు
నాలుగు ఊళ్ళ బల్లలూ మా గుడి ముందరికి వచ్చినాయి.
నలభై ఏండ్లు బైబిలు సంచీ చంకన పెట్టుకొని
నాలుగు ఊళ్ళూ నడిచిన మనిషి;
ఎవురింట్లో గంజి తాగిందో, ఎవురి బిడ్డకి పేరు పెట్టిందో
ఆమెకే లెక్క లేదు.
ఒక బల్ల కాలు ఇరిగింది.
ఒబద్యా వెదురు బద్దలు పెట్టి గుడ్డ చుట్టినాడు,
మా ఊరి కట్టు మాదిరే,
గుడ్డు సొన పూయడం ఒక్కటే తక్కువ.
ఏడుస్తావున్నోళ్ళు కూడా నవ్వినారు.

పొద్దు గూకినాక ఎవురి బల్లలు వాళ్ళు ఎక్కించుకున్నారు,
చీకట్లో, చేతికి అందినవి.
వడమాలపేటోళ్ళు మావి రెండు ఎక్కువ తీసకపోయినారని
మా కోశాధికారి ఫిలేమోను
ఇప్పటికీ వాళ్ళ కోతపండగకి పోడు.

పోయిన వారం నేను పోయినాను, ఈ కాగితం కోసమే.
గంట కొట్టే జ్ఞానప్రకాశం వాకిట్లో
ఒకటి కనిపించింది. మా ఆచారి చెక్కిన అంచే.
దాని మీద దుప్పటి, దుప్పటి కింద
కాలూ చెయ్యీ పడిపోయిన వాళ్ళ అన్న.
నన్ను చూసి జరగబోయినాడు,
చోటు ఇయ్యాలని.
కాళ్ళ కాడ కొంచెం అంచు మీద కూర్చొని
టీ తాగినాను. చక్కెర ఎక్కువైంది.
ఏమిటికి వచ్చినావని అడిగితే
ఊరికే అన్నాను.

ఇంటికొచ్చి ఆ గడిలో
పద్నాలుగు అని రాసి, కొట్టేసి,
పన్నెండు అని రాసి, కొట్టేసినాను.
తీతు బల్లని ఏ ఊరి కింద వేసేది?
ఆఖరికి "చాలినన్ని" అని రాసినాను.
సినడోళ్ళు ఏమంటారో తెలియదు.

సంతకం పెడతావుంటే
నేను కూర్చున్న బల్ల ఊగింది, ఎప్పట్లాగే ఎడమపక్కకి.
ఆఫీసు కవరు నాలుగు మడతలేసి
కాలి కింద పెట్టినాను.