టేపు రెండో కొస

స్కెల్‌థార్ప్‌లో చివరి ఇల్లు థర్జా ఔత్‌వెయిట్‌ది.
పోయిన మార్చి దాకా చివరి ఇల్లు వేరేవాళ్లది.

ఉత్తర సముద్రం ఒడ్డున బంకమట్టి గట్టు.
పెరటి తలుపు దగ్గర టేపు ఒక కొస నేను పట్టుకుంటాను.
రెండో కొస పట్టుకుని డాక్టర్ హెస్టర్ లైతమ్
అంచు దాకా బోర్లా పాకుతుంది.
నిలబడి వెళ్లే చోటు కాదది.

ఆమె కాగితాల్లో దీని పేరు రిట్రీట్.
ఎవరూ యుద్ధం ప్రకటించలేదు కానీ
గట్టు మాత్రం క్రమశిక్షణ గల సైన్యంలా
ఏడాదికింతని వెనక్కి తగ్గుతోందట.

కౌన్సిల్ ఉత్తరంలో రీలొకేట్.
ఇస్త్రీ చేసిన మాట. మడత నలగదు.
అందులో గ్యాస్ పొయ్యి లేదు, పిల్లి లేదు,
మెట్ల కింద జామ్ సీసాలు లేవు.

బీమా కుర్రాడు మర్యాదస్తుడు, టీ కూడా తాగాడు.
నేల సబ్సైడ్ అయితే,
అంటే ఉన్నచోటే కుంగితే, డబ్బిస్తారట.
ఎరోడ్ అయితే,
అంటే అంచు నుంచి కొరుక్కుంటూ వస్తే, ఇవ్వరట.
"నిలువునా పోతే మీ ఖర్చు,
అడ్డంగా పోతే నా ఖర్మానా?"
అనడిగింది థర్జా.
అతను బిస్కెట్ వంక చూశాడు.

ఇవతలి పక్కింటి విల్ఫ్రిడ్ స్టాంపర్‌కి ఒకటే మాట, షిఫ్ట్.
సోఫా ఎక్కిన కుక్కతో అదే,
బురదలో దిగబడ్డ ట్రాక్టరుతో అదే,
తుఫాను రాత్రి ఈవిడ తలుపు బాదుతూ అదే.
మూడుసార్లూ గొంతు వేరు.

థర్జా మాత్రం ఫ్లిట్ అంటుంది.
వాళ్లమ్మ మాట.
అద్దె బాకీపడి, చీకట్లో,
తోపుడు బండి చక్రాలకి గోనెపట్టా చుట్టి
చప్పుడు కాకుండా ఇల్లు మారడం.
నిఘంటువులో ఆ మాటకి పిట్ట రెక్కలుంటాయి.
ఆవిడ నోట్లో గోనె వాసన.
"మూవ్ అంటే పట్టపగలు, లారీ,
పక్కవాళ్లు చెయ్యూపడం.
నాకంత డబ్బెక్కడిది?"

ఇల్లు లోపల్లోపలే ప్రయాణం చేస్తోంది.
సముద్రం వైపు గదిలోని గడియారం నడవాలోకి,
నడవాలోంచి వంటింట్లోకి.
మంచం రెండుసార్లు.
మొగుడి ఫోటో ఒక్కటే కదలనంటోంది,
మేకు ఊడి రావడం లేదు.

ఫారంలో నేను నింపే గడి పేరు ఛేంజ్.
కండక్టర్లూ కిరాణా కొట్లవాళ్లూ
లేదు పొమ్మంటారే, ఆ ఛేంజే.
సముద్రం మాత్రం ఇస్తుంది.
పోటు దిగాక ఇసుకలో
సగం ఇటుక, ఒక చెంచా,
ఎవరి స్నానాలగదిదో నీలం పలక.
మొత్తం తీసుకుని చిల్లర తిరిగిస్తుంది.

కొలత అయ్యేసరికి
బయట బల్ల మీద కూర్చుని ఉందావిడ.
సన్నగా వాన.
"మీ దాంట్లో ఏమంటారు దీన్ని?"

ఒరిగింది, జారింది, విరిగింది, తరిగింది.
ఒక్కోటీ నాలుక దాకా వచ్చి
సరిపోక వెనక్కి పోయింది.
జరిగింది, అన్నాను.
ఏదన్నా అయితే జరిగిందంటాం.
ఉన్నచోటు నుంచి పక్కకి తప్పుకున్నా
జరిగిందనే అంటాం.
"రెంటికీ ఒకటేనా?"
ఒకటే.
"పిసినారి భాష," అని నవ్వింది.
మన జ పలకడం పట్టుబడక
జ్యరిగిందీ, జ్యరిగిందీ అని
కాసేపు నమిలింది.

తర్వాత టీ కప్పు ఒలకకుండా ఎత్తి పట్టుకుని,
నాకు చోటిస్తూ,
సముద్రం వైపు
జానెడు జరిగింది.

ఎనిమిది మీటర్ల నలభై అని రాశాను.
వాన చుక్క పడి నలభై చెదిరింది.
మళ్లీ దిద్దాను.